బాల్‌బాయ్‌కి పెదనాన్న ఉత్తరం

ఎంవీపీ కాలనీ,
విశాఖపట్నం.

చిరంజీవి శ్రీనుకి,

పెదనాన్న ఆశీస్సులు. మొన్న ఆదివారం మీ నాన్న ఫోన్ తీసి చూపించేదాకా, ఇంటర్నెట్‌లో పేరు దాచుకుని క్రికెట్ కబుర్లు రాసే ఆ ‘వైజాగ్ బాల్‌బాయ్’వి నువ్వేనని నాకు తెలీదు. రెండు మూడు నెలలుగా చదువుతూనే ఉన్నాను. పీఎం పాలెం స్టేడియంలో రాత్రి మంచు పడితే స్పిన్నర్లు బంతి తుడుచుకోలేక పడే తిప్పల గురించి రాశావు చూడు, అది చదివి ఎవరో నాలాంటి ముసలాడు రాస్తున్నాడనుకున్నాను. ఇది మెచ్చుకోలే.

ఇక తిట్లు. మన జిల్లా కుర్రాడికి మోకాలు పోయిందని, సీజనంతా ఔటని, టీమ్ వాళ్ళు దాస్తున్నారని, ‘విశ్వసనీయ వర్గాల సమాచారం’ అని పెట్టావు. మర్నాడు అతను నెట్స్‌లో బౌలింగ్ చేస్తున్న వీడియో బయటికి రాగానే చప్పుడు చెయ్యకుండా పోస్టు పీకేశావు. ఆ వర్గాలెవరని మీ నాన్నని అడిగితే, జిమ్‌లో నీ పక్కవాడి ఫ్రెండట. ఒరే, వర్గాలంటే బహువచనం.

అయినా ఆ మాట మీకు అంటించింది మేమే. 28 ఏళ్ళు స్పోర్ట్స్ డెస్కులో కూర్చున్నవాణ్ణి, ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. కాకపోతే అప్పట్లో మా ఇన్‌చార్జి ఒకాయన ఉండేవాడు. ‘విశ్వసనీయ వర్గాలు’ కనబడితే చాలు, కళ్ళజోడు తీసి, “ఆ వర్గం పేరు నా చెవిలో చెప్పు” అనేవాడు. చెప్పలేకపోతే వార్త బుట్టలోకి. పాఠకుడికి దాచొచ్చు, డెస్కుకి దాచకూడదు, అదీ లెక్క. నీకు డెస్కు లేదు. రిపోర్టరువీ సబ్‌ ఎడిటరువీ నువ్వే, ప్రింటు కొట్టే మిషనూ నువ్వే. కాబట్టి ఆ కళ్ళజోడు కూడా నువ్వే పెట్టుకోవాలి మరి.

నేనేమీ కడిగిన ముత్యాన్ని కాను. ఆ ఇన్‌చార్జి సెలవులో ఉన్న వారం ఒక పోస్టుకార్డు వచ్చింది. ఫలానా అండర్-16 కుర్రాడికి పద్దెనిమిది నిండాయి, సర్టిఫికెట్ దొంగది అని. సంతకం ‘ఒక క్రీడాభిమాని’. ముత్యాల్లాంటి దస్తూరీ, ఆకుపచ్చ ఇంకు. గెజిటెడ్ ఆఫీసరు ఇంకు కదా అనుకున్నానో ఏమో, నమ్మేశాను. పేజీలో అడుగున కాస్త ఖాళీ మిగిలింది, ఆరు లైన్లు దూర్చాను. పేరు రాయలేదులే అని నా తెలివి. ‘గాజువాక ఆఫ్‌స్పిన్నర్’ అని రాస్తే ఆ టీములో ఇంకెవరున్నారు?

మూడో రోజు వాళ్ళమ్మ ఆఫీసుకొచ్చింది. చేతిలో పాలిథిన్ కవరు. అందులోంచి బర్త్ సర్టిఫికెట్, స్కూలు రికార్డు షీటు, కేజీహెచ్‌లో పురుడు పోసినప్పుడు ఇచ్చిన చీటీ ఒక్కొక్కటే తీసి నా టేబుల్ మీద పరిచింది. ఆ చీటీ మడతల దగ్గర చిరిగిపోతే సెల్లోటేపు వేశారు, టేపు పసుపు రంగుకి తిరిగిపోయింది. గొడవ పడలేదు. “ఇందులో ఏది దొంగదో చూపించండి బాబూ” అంది. సవరణ వేశాం, లోపలి పేజీలో, టెండరు ప్రకటన కింద. అప్పటికి సెలక్షన్లు అయిపోయాయి. కార్డు రాసిందెవరో ఈరోజుకీ తెలీదు. ఆ టీములో చోటు దక్కని పిల్లాడి తండ్రో మేనమామో అయ్యుంటాడని నా అనుమానం. చూశావా, ఇదీ ఊహే.

అప్పట్నుంచీ ఎవడైనా నాకు రహస్యం మోసుకొస్తే, ఇది అచ్చయితే వీడికేం ఒరుగుతుందని ముందు చూసుకునేవాణ్ణి. నీ జిమ్ ఫ్రెండుగారి సంగతి కనుక్కో. అతని తమ్ముడు కూడా ఆ టీము కోసమే తిరుగుతున్నాడేమో. లేకపోతే మంచిదే.

రెండోది, మనిషి బతికే ఉన్నాడు కదా, వెళ్ళి అడుగు. ఇది తేలిగ్గా తీసుకోకు, పెద్దవాళ్ళే బోల్తా పడ్డారు. 2023 ఆగస్టు 23న జింబాబ్వే మాజీ కెప్టెన్ హీత్ స్ట్రీక్ పోయాడని ప్రపంచమంతా పాకిపోయింది. అతనితో కలిసి ఆడిన హెన్రీ ఒలంగాయే నివాళి రాసేశాడు. తీరా చూస్తే స్ట్రీక్ దగ్గర్నుంచే అతనికి వాట్సాప్ సందేశం వచ్చింది. ఒలంగా దాన్ని అందరికీ చూపించి, థర్డ్ అంపైర్ వెనక్కి పిలిచాడు, మావాడు బతికే ఉన్నాడని రాశాడు. తప్పు చేస్తే చేశాడు గానీ దిద్దుకోవడమంటే అదీ. నీలాగ పీకేసి పక్కకి తప్పుకోలేదు. క్యాన్సర్‌తో ఉన్న స్ట్రీక్ సెప్టెంబర్ 3న, 49 ఏళ్ళకి నిజంగానే పోయాడు. మిగిలిన ఆ పదకొండు రోజుల్లో ఒకటి, నేను చావలేదు బాబోయ్ అని చెప్పుకోవడానికే సరిపోయింది.

అన్ని పుకార్లూ ఒకటని నేననను. ధోనీ రోజుకి ఐదు లీటర్ల పాలు తాగుతాడని దేశమంతా చెప్పుకున్నారు. 2005 ఏప్రిల్ 5న మన ఊళ్ళో పాకిస్తాన్ మీద 148 కొట్టిన రోజు ప్రెస్‌బాక్సులో ఆ సిక్సర్లు చూసిన నేను పది లీటర్లన్నా నమ్మేవాణ్ణి. దానివల్ల ఎవరి కొంపా మునగలేదు, ఆయనే తర్వాత నవ్వి కొట్టిపారేశాడు. మోకాలు అలా కాదు. మోకాలు పోయిందంటే రేపు ఆ పిల్లాణ్ణి తీసుకోవాలా వద్దా అని ఎవడో ఒకడు తటపటాయిస్తాడు.

ముసుగు తీసెయ్యమని మాత్రం అనను. నేనూ ‘మిడ్‌వికెట్’ పేరుతో రాసినవాణ్ణే. సెలక్షన్లలో అన్యాయం జరిగితే పేరు పెట్టి చెప్పుకోగలిగే కుర్రాడు ఎక్కడున్నాడు? నీ పేరు దాచుకో. నీకెలా తెలిసిందో అది మాత్రం దాచకు. 2009 ఐపీఎల్‌లో ఒకాయన పేరు లేకుండా, నేను కోల్‌కతా టీములో ఆటగాణ్ణి అంటూ ఇంటర్నెట్‌లో లోపలి గుట్లు రాసుకుంటూ పోయాడు. ఆ ఏడు టోర్నీ సౌతాఫ్రికాలో జరిగింది. మధ్యలో ఆ టీము ఇద్దర్ని అక్కణ్ణుంచి ఇంటికి పంపిస్తే, జనం చూపు వాళ్ళ మీద పడింది. ఏడాది తర్వాత ముసుగు తీస్తే, బెంగళూరులో మార్కెటింగ్ ఉద్యోగం చేసుకునేవాడు, ఆటగాడే కాదు. ఏడాది పాటు అనుమానం మోసినవాళ్ళు వేరు.

ఆ ముసుగు కూడా నువ్వనుకున్నంత మందం కాదు. 2021లో కోహ్లీ పసిబిడ్డ గురించి నోటితో అనలేని మాట మారుపేరుతో రాశాడని 23 ఏళ్ళ సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ణి హైదరాబాద్ నుంచి ముంబై పోలీసులు పట్టుకెళ్ళారు. 2023లో కేసు కొట్టేశారు గానీ, ఆ ఏడాదిన్నర ఎవరు తిరిగిస్తారు? ఆన్‌లైన్ రాతలకి జైల్లో వేసే ఐటీ చట్టం సెక్షన్ 66ఏ పోయిందిగా అని నువ్వు మీ నాన్నతో వాదించావట. సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది నిజమే. పరువునష్టం ఎక్కడికీ పోలేదు, భారతీయ న్యాయ సంహిత 356లో రెండేళ్ళ జైలుతో సహా కూర్చుని ఉంది. న్యూజిలాండ్ మాజీ ఆటగాడు క్రిస్ కెయిర్న్స్ మ్యాచ్ ఫిక్సింగ్ చేశాడని అప్పటి ఐపీఎల్ బాసు లలిత్ మోదీ 2010లో ఒక్క ట్వీట్ పెట్టాడు. ఇంగ్లండ్‌లో దాన్ని చూసింది ఓ 65 మందని లెక్క తేల్చారు. 2012లో లండన్ కోర్టు వేసిన పరిహారం 90 వేల పౌండ్లు. నీకు మూడు వేల మంది ఉన్నారు.

నీ పోస్టు కింద ఎవడో ‘నిప్పు లేనిదే పొగ రాదు’ అని రాస్తే నువ్వు దానికి లైకు కొట్టావు. ఆ సామెత పుట్టించినవాడు పొయ్యి చూసి అన్నాడురా, ఫోను చూసి కాదు.

రాసేటప్పుడు ఒక చిన్న పని చెయ్యి. మన తెలుగులో ‘అట’ అని రెండక్షరాలున్నాయి. మీ నాన్నమ్మ వీధి కబుర్లు ఎన్ని చెప్పినా ప్రతిదాని చివరా అది తగిలించేది, కళ్ళతో చూసినదానికి తప్ప. నీ రాతల్లో వెతికాను, ఒక్కటీ లేదు. ‘మోకాలు పోయింది’ అని రాశావు, ‘పోయిందట’ అని కూడా కాదు. అలాగని ‘అట’ పెట్టి ఏదైనా రాసెయ్యొచ్చనుకోకు, మూడో మనిషి దగ్గరికి వెళ్ళేసరికి దాన్ని ఊడబెరికేస్తారు. అది నీ కోసం. వేలు ఆడేముందు, ఇది చూశానా విన్నానా అని నువ్వు ఆగడానికి.

ఇప్పుడు చెయ్యాల్సింది. తీసేసిన పోస్టు సంగతి అదే చోట మళ్ళీ ఎత్తు. నేనిలా రాశాను, నాకు చెప్పినవాడు చూడలేదు, నేను అడగలేదు, తప్పు నాది అని రాయి. మా టెండరు ప్రకటన కింద సవరణలాగ కాకుండా, ముందు రాసినంత పెద్దగా. నలుగురు వెక్కిరిస్తారు, పడు. తర్వాత ఆ కుర్రాణ్ణి కలువు. అతని కోచ్ నాకు తెలుసు, పొద్దున్న ఆరింటికల్లా గ్రౌండులో ఉంటాడు. ఫోను నెంబరు ఇవ్వను, వెళ్ళే మాట్లాడు. బాల్‌బాయ్‌గా వెళ్తావో శ్రీనుగా వెళ్తావో నీ ఇష్టం.

అక్కణ్ణుంచి టిఫినుకి ఇటే వచ్చెయ్యి. హెల్మెట్ మర్చిపోకు, మద్దిలపాలెం దగ్గర పోలీసులు ఆపుతున్నారట. పెద్దమ్మ చెప్పింది, నేను చూడలేదు.

మీ పెదనాన్న