అను ఫాంట్లలోని పాత సంచికను యూనికోడ్‌లోకి మార్చే పద్ధతి

నమస్కారమండి. అమలాపురంలో మీ కొబ్బరి రైతుల సంఘం పేజ్‌మేకర్ అనే పాత పుటల కూర్పు సాఫ్ట్‌వేర్‌లో, అను అనే పాతతరం తెలుగు ఫాంట్లతో కూర్పు చేయించిన పాత సంచిక, కొత్త కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాల గజిబిజిగా కనిపిస్తోందని రాశారు. ఫైలు చెడిపోలేదు, దయచేసి తొలగించకండి. అను ఫాంట్లు తెలుగు అక్షరాల ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఉంచుతాయి కనుక, ఆ ఫాంటు లేని యంత్రంలో అడుగునున్న ఇంగ్లీషు అక్షరాలే బయటపడతాయి. అన్ని భాషల అక్షరాలకూ విడివిడి స్థానాలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లోనైతే 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే తెలుగుకు సొంత స్థానాలున్నాయి.

పాఠాన్ని కాపీ చేసి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే వెబ్ కన్వర్టర్‌లో ముందుగా ఒక్క పేరా మాత్రమే అతికించి చూడండి. అను 6, అను 7 అమరికలు వేర్వేరు కాబట్టి, ఒకదానితో ఒత్తులు తారుమారైతే కన్వర్టర్‌లో మరోదాన్ని ఎంచుకోవాలి. మధ్యలో వచ్చే ఇంగ్లీషు పేర్లు, అంకెలు తప్పుగా మారే అవకాశం ఉంది. వాటిని అసలు ప్రతితో సరిచూడడం తప్పనిసరి. సభ్యుల ఫోన్ నంబర్లు, ఆధార్ వివరాలు ఉన్న పుటలను మాత్రం ఇలాంటి సైట్లలో అతికించకండి, చేత్తోనే టైపు చేయించండి.

అచ్చుప్రతి మాత్రమే మిగిలిన పుటలను స్కాన్ చేసి గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు పాఠం వస్తుంది. పేజ్‌మేకర్ యూనికోడ్‌ను అంగీకరించదు కనుక, కొత్త కూర్పుకు ఉచితంగా లభించే లిబ్రేఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్, అందులో మండలి లేదా రామభద్ర అనే యూనికోడ్ ఫాంటు చాలు.