ఇసుక దిబ్బలు నిజంగానే మోగుతాయా? వినాలంటే ఎక్కడికి వెళ్లాలి?

నిజంగానే మోగుతాయి. కాలిఫోర్నియాలోని మొహావి ఎడారిలో, కెల్సో దిబ్బల మీద నేను స్వయంగా విన్నాను. లాస్ ఏంజెలెస్ నుంచి లాస్ వేగాస్ వెళ్లే మనవాళ్లు ఎందరో ఆ పక్కనుంచే వెళ్లిపోతుంటారు. బేకర్ అనే ఊరి దగ్గర పెద్ద రహదారి దిగి కెల్‌బేకర్ రోడ్డు పడితే సుమారు గంట ప్రయాణం. చివర కొంత దూరం మట్టిరోడ్డు.

అయితే అక్కడికి వెళ్లి నిలబడితే చాలదు. ఇసుకను మనమే కదిలించాలి. దిబ్బలు దాదాపు 200 మీటర్ల ఎత్తు. పైకి ఎక్కాక, గాలి చాటున ఏటవాలుగా దిగే వైపు కూర్చుని మడమలతో ఇసుకను తోస్తూ మెల్లగా జారాలి. ముందు పలుచని పొర ఒకటి కదులుతుంది. చిన్న గురగుర. పొర వెడల్పై మన చుట్టూ ఉన్న ఇసుకంతా జారడం మొదలయ్యేసరికి తంబురా మంద్ర శ్రుతి లాంటి నాదం కిందినుంచి లేస్తుంది. చెవికంటే ముందు ఒంటికి తెలుస్తుంది: ఇసుకలో ఆనించిన అరచేతులు జివ్వుమంటాయి. మనం ఆగిపోయినా ఇసుక జారుతున్నంతసేపూ మోత ఆగదు. ఫోనులో రికార్డు చేసి ఇంటికి తెచ్చుకుంటే మాత్రం సగం కూడా వినిపించదు. అంత మంద్రధ్వనిని చిన్న స్పీకర్లు పలికించలేవు.

ఈ ధ్వని సుమారు 70 నుంచి 105 హెర్ట్జ్ (అంటే సెకనుకు అన్ని కంపనాలు) మధ్య ఉంటుంది. కారణం మీద శాస్త్రవేత్తల వాదం ఇంకా తెగలేదు. జారే రేణువులు ఒకే లయలో ఒకదానికొకటి తగలడమే మూలమనీ, రేణువు పరిమాణమే స్వరాన్ని నిర్ణయిస్తుందనీ ఫ్రాన్సులో కొందరు చెప్పారు. పైనున్న పొడి ఇసుక పొరలో చిక్కుకున్న తరంగాలే స్వరాన్ని నిలుపుతాయని కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ విశ్వవిద్యాలయ బృందం వాదించింది. రెండు పక్షాలూ ఒప్పుకునేది ఒకటుంది: ఇసుక పూర్తిగా పొడిగా ఉండాలి. రేణువులకు కాస్త తేమ అంటినా దిబ్బ మూగబోతుంది.

అందుకే వాన పడిన వారంలో వెళ్లకండి. బాగా మోగేది ఎండాకాలంలోనే అయినా, అప్పుడు వేడి 40 డిగ్రీలు దాటి ప్రాణం మీదికి తెస్తుంది. వానలు రాకముందు, సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో ఎండ వాలాక ఎక్కడం మేలని నా అభిప్రాయం. దిబ్బల దగ్గర నీళ్లు దొరకవు, మనిషికి నాలుగు లీటర్లయినా వెంట ఉండాలి. బయలుదేరే ముందు రోడ్డు తెరిచి ఉందో లేదో తప్పక చూసుకోండి.