నాలుగు గదులకు ఒకే పట్టిక వద్దు

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పెట్టబోయే పిల్లల సంరక్షణ కేంద్రం కోసం రాసి పంపిన ప్రణాళిక తీరిగ్గా చదివాను. గదులకు గాలీ వెలుతురూ, మెట్ల దగ్గర అడ్డు తలుపులు, పిల్లల ఎత్తుకు తగిన కుళాయిలు, అన్నీ బాగా ఆలోచించావు. నా పేచీ అంతా దినచర్య పట్టికతోనే. అయిదేళ్ల పిల్లలకు ఒక పట్టిక వేసుకున్నావు. దాన్నే కాస్త కుదించి మూడేళ్లవాళ్లకు, ఇంకాస్త కుదించి రెండేళ్లవాళ్లకు ఇచ్చావు. చివరికి ఏడాది నిండని పసికందుల గదిలో కూడా 'భాషా కార్యక్రమం, పది నిమిషాలు' అని రాసి ఉంది. ఆ కాగితం పక్కన పెట్టి, అందరికంటే చిన్నవాళ్ల గది నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి. పై నుంచి కిందికి దిగితే ప్రతి గదికీ పై గదిలోంచి కోసిన ముక్క మిగులుతుంది. కింది నుంచి పైకి వెళ్తే ఏ వయసుకు కొత్తగా ఏం కావాలో తెలుస్తుంది.

ఏడాదిలోపు పిల్లల గదిలో గోడకు పట్టికే వద్దు. ఒక్కో బిడ్డకు ఒక్కో కాగితం ఉండాలి: ఎప్పుడు పాలు తాగింది, ఎంత తాగింది, ఎప్పుడు నిద్రపోయింది, ఎన్నిసార్లు తడిపింది, ఈ రోజు కొత్తగా ఏం చేసింది. ఆకలి వేసినప్పుడే పాలు, నిద్ర వచ్చినప్పుడే నిద్ర. ఆ గదిలో పాఠాలన్నీ ఈ పనుల్లోనే ఉంటాయి. డైపరు మారుస్తూ 'ఇదిగో, కాలు పైకెత్తుతున్నాను' అని బిడ్డ కళ్లలోకి చూసి చెప్పి, బిడ్డ ఊకొట్టేదాకా ఆగే మనిషి నీ పది నిమిషాల కార్యక్రమం కంటే ఎక్కువ భాష నేర్పుతుంది. బుడాపెస్ట్‌లో ఎమ్మీ పిక్లర్ అనే పిల్లల వైద్యురాలు 1946లో దిక్కులేని శిశువుల కోసం ఒక గృహం మొదలుపెట్టింది. ఆమె పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. ఒళ్లు కడగడం, పాలు పట్టడం, బట్టలు మార్చడం తొందర లేకుండా, బిడ్డతో మాట్లాడుతూ, బిడ్డ తోడ్పాటు తీసుకుంటూ చేయాలి. మిగతా వేళ నేల మీద హాయిగా కదలనివ్వాలి. తనంతట తాను కూర్చోలేని బిడ్డను కూర్చోబెట్టకూడదు. ఇంతే. కానీ చేతి కింద ఆరుగురు పసివాళ్లు ఉన్న మనిషి ఇందులో ఒక్కటీ చేయలేదు.

మనుషుల లెక్క దగ్గరే నీ ప్రణాళిక నాకు భయం పుట్టించింది. ఎనిమిది మంది పసివాళ్లకు ఇద్దరు అని రాశావు. ఇంగ్లండ్‌లో రెండేళ్లలోపు పిల్లలు ముగ్గురికి ఒకరు ఉండాలని నిబంధన. రెండేళ్లవాళ్లకు 2023 దాకా నలుగురికి ఒకరు ఉండేది, ఇప్పుడు అయిదుగురికి ఒకరు. మూడేళ్లు దాటితే మామూలుగా ఎనిమిది మందికి ఒకరు. అమెరికాలో పిల్లల వైద్యుల సంఘం పాలుపంచుకుని తయారుచేసిన జాతీయ ప్రమాణాలు కూడా ఏడాదిలోపు వాళ్లకు ముగ్గురికి ఒకరనే అంటాయి. నువ్వు ఉన్నచోట నిబంధన ఇంకా వదులుగా ఉన్నా సరే, దాన్ని చూసి ధైర్యపడకు. పొగ కమ్మిందని, నిమిషంలో బయటపడాలని ఊహించుకో. ఒక మనిషి నడక రాని బిడ్డలను ఎంతమందిని ఎత్తుకోగలదు? అలాంటి వేళ కోసం చక్రాల ఊయల ఒకటి ఆ గదిలో తప్పకుండా పెట్టు, దాన్ని తలుపులోంచి తోసి చూడు కూడా. తలుపు ఇరుకై అది పట్టకపోతే ఆ సంగతి ఇప్పుడే తెలియాలి.

లెక్క కాగితం మీద కుదిరినా మధ్యాహ్నం తప్పుతుంది. ఒకరు భోజనానికి వెళ్తారు, మరొకరు తలుపు తీయడానికి లేస్తారు, మూడో మనిషి సెలవు పెట్టి ఉంటుంది. ఏ గదికీ చెందకుండా అన్ని గదులకూ ఆసరాగా తిరిగే మనిషి ఒకరు రోజంతా ఉండాలి. జీతం దండగ అనిపించే ఆ మనిషి వల్లే మిగతా గదులు నిలబడతాయి. రంగు గోడలకు పెట్టిన ఖర్చులో సగం తగ్గించినా ఈ జీతం వస్తుంది. గోడ మీద ఏనుగు కావాలని నెలల పిల్ల ఎలాగూ అడగదు.

నిద్ర గురించి బేరాలు వద్దు. పసివాళ్లను ప్రతిసారీ వెల్లకిలా పడుకోబెట్టాలి, పరుపు గట్టిగా ఉండాలి, దిండూ దుప్పటీ బొమ్మలూ ఏవీ దగ్గర ఉండకూడదు. 'మా ఇంట్లో బోర్లా పడుకుంటేనే నిద్రపోతుంది' అని తల్లిదండ్రులు చెబుతారు. మర్యాదగా విని, నీ పద్ధతే పాటించు. బోర్లా ఉండటం మెలకువగా ఉన్నప్పుడు మంచిది: ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇంకా పాకని పిల్లలకు రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు అలా ఉండాలి, పక్కన పెద్దవాళ్లు ఉండగా. కుర్చీలోనో బండిలోనో పట్టీ బిగించి ఒకేసారి గంటకు మించి ఉంచకూడదని కూడా అందులోనే ఉంది. పాలసీసాను దిండుకు ఆనించి బిడ్డ నోట్లో పెట్టి వెళ్లడం నీ కేంద్రంలో ఒక్కసారి కూడా జరగకూడదు. ఆ గదిలోనూ, పక్కనున్న ఏడాది పిల్లల గదిలోనూ టీవీ, ఫోను లాంటి తెర అన్నదే వద్దు.

ఇక చేర్చుకునే పద్ధతి. సోమవారం ఉదయం బిడ్డను గుమ్మంలో అందుకుని సాయంత్రం అప్పగించే పద్ధతి రాశావు, అది మార్చు. బెర్లిన్‌లో 1980లలో రూపుదిద్దుకున్న పద్ధతి ఒకటుంది. మొదటి మూడు రోజులు తల్లో తండ్రో బిడ్డతోపాటు వచ్చి గంటసేపు కూర్చుంటారు, ఎవరూ విడిచి వెళ్లరు. నాలుగో రోజు చెప్పి, కొద్దిసేపు బయటికి వెళ్తారు. ఆ రోజు సోమవారమైతే మరునాటికి వాయిదా. ఏడ్చిన బిడ్డ నీ మనిషి చేతుల్లో ఊరడిల్లితే మరునాడు ఆ వ్యవధి పెంచుతారు, ఊరడిల్లకపోతే మళ్లీ కలిసి కూర్చుంటారు. ఉద్యోగాలకు వెళ్లేవాళ్లకు ఇన్ని రోజులు దొరకవని నువ్వు అంటావు. చేరే తేదీకి నెల ముందే చెబితే చాలామంది ఏదోవిధంగా సర్దుకుంటారు. ముఖ్యంగా పది నెలలకూ ఏడాదిన్నరకూ మధ్య చేరే పిల్లలకు విడిపోవడం చాలా కష్టం, వాళ్లకు ఇంకా ఎక్కువ రోజులు కేటాయించు. బిడ్డ ఆటలో ఉండగా దొంగచాటుగా జారుకోమని తల్లికి ఎవరూ సలహా ఇవ్వకుండా చూడు. ఆ రోజు ఏడుపు తప్పుతుందేమో గానీ, మరునాటి నుంచి బిడ్డ తల్లి కొంగు వదలదు.

చేరిన బిడ్డకు తనదంటూ ఒక మనిషి ఉండాలి. డైపరు మార్చేదీ, నిద్రపుచ్చేదీ, సాయంత్రం తల్లితో మాట్లాడేదీ ఆ మనిషే. వారానికో గది మార్చి అందరికీ అన్ని పనులూ వచ్చేలా చేస్తానన్నావు. ఉద్యోగులకు అది శిక్షణ కావచ్చు, పిల్లలకు మాత్రం వారానికో కొత్త ముఖం. మనిషి మానేయకుండా నిలిచి ఉండాలంటే జీతం, సెలవులు, వీపు నొప్పి రాకుండా డైపర్లు మార్చడానికి సరైన ఎత్తున్న బల్ల కావాలి.

ఏడాది నుంచి మూడేళ్ల వరకు ఒకే గది చాలన్నావు. చాలదు. తప్పటడుగులు వేసే బిడ్డనూ, బల్లెక్కి దూకే బిడ్డనూ ఒకచోట పెడితే ఎప్పుడూ చిన్నదే దెబ్బ తింటుంది. రెండేళ్ల దగ్గర తడిక కట్టు. ఈ గదుల్లో బొమ్మలు రకరకాలుగా కాకుండా ఒకేలాంటివి మూడేసి, నాలుగేసి కొను. ఈ వయసులో పిల్లలు ఎక్కువగా ఒకరి పక్కన ఒకరు ఆడుకుంటారు గానీ కలిసి ఆడటం తక్కువ. మిల్డ్రెడ్ పార్టెన్ అనే పరిశోధకురాలు 1932లోనే పిల్లల ఆటలోని ఈ దశలను వివరించింది. పంచుకోమని రెండేళ్ల బిడ్డకు ఉపన్యాసం ఇవ్వడం కంటే రెండో ఎర్రబండి కొనడం చవక.

కొరకడం గురించి విడిగా అడిగావు. రెండేళ్లలోపు కొరికే బిడ్డ చెడ్డది కాదు, మాట ఇంకా చాలడం లేదు, అంతే. ముందు కొరికించుకున్న బిడ్డను దగ్గరకు తీసుకో. కొరికిన బిడ్డకు 'కొరకకూడదు, నొప్పి' అని పొట్టిగా చెప్పి వదిలెయ్. తర్వాత ఎప్పుడు, ఎక్కడ, ఎవరి పక్కన జరిగిందో రాసిపెట్టుకో. తరచుగా చూస్తే భోజనానికి ముందో, ఇరుకు మూలలోనో, చేతులు కడుక్కునే వరసలో నిలబడ్డప్పుడో జరిగి ఉంటుంది. ఆ వరసే తీసెయ్. ముగ్గురిని ముగ్గురినిగా తీసుకెళ్లు, మిగతావాళ్లు ఆడుకుంటారు. కొరికిన బిడ్డ పేరు అవతలి తల్లికి చెప్పవద్దు, ఎంత అడిగినా.

మలమూత్రాల అలవాటుకు నువ్వు 'రెండేళ్లకు' అని గీత గీశావు. ఒక బిడ్డ ఏడాదిన్నరకే సిద్ధమవుతుంది, మరో బిడ్డకు మూడేళ్లు కావాలి. రెండు గంటలపాటు పొడిగా ఉండగలగడం, తడిసిన సంగతి తానే చెప్పడం, చెడ్డీ దించుకునే ప్రయత్నం చేయడం కనిపిస్తే మొదలుపెట్టు. ఇంట్లోనూ అదే వారం మొదలుపెట్టమని చెప్పు. గొంతుకు అడ్డుపడే వస్తువులను కంటితో అంచనా వేయవద్దు. బొమ్మల భద్రతా పరీక్షల్లో మూడేళ్లలోపు పిల్లల కోసం సుమారు 32 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టం వాడతారు, అందులో పూర్తిగా పట్టేది ఏదైనా ప్రమాదమే. అలాంటి గొట్టం ఒకటి గదిలో ఉంచు. ద్రాక్షను నిలువుగా కోసి పెట్టాలి. గింజలూ పప్పులూ అయిదేళ్ల దాకా అలాగే పెట్టకూడదు.

మూడు, నాలుగేళ్ల గదికి వచ్చేసరికి అందరూ ఏదో ఒక పద్ధతి పేరు అడుగుతారు. ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో ఆటల బడి పెట్టినప్పటి నుంచి ఈ పేర్ల వరస సాగుతోంది. మరియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లోరెంజో అనే పేదల వాడలో మొదటి పిల్లల ఇల్లు తెరిచింది. కూలికి వెళ్లే తల్లిదండ్రుల పిల్లలను, వేర్వేరు వయసుల వాళ్లను ఒకే గదిలో ఉంచి, వాళ్ల ఎత్తుకు తగిన సామాను ఇచ్చి, పని చేసుకోనిచ్చింది. ఆమె పేరు చాలాచోట్ల ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, రాసుకుంటున్నారు. బోర్డు నీ ఇష్టం. ఆ గదిలో మాత్రం రోజూ కనీసం గంటసేపు ఎవరూ అడ్డురాని ఆట ఉండాలి. దిమ్మెలు, ఇసుక, నీళ్లు, వేషాల బట్టలు, రంగులు అందుబాటులో ఉండాలి, ఏది ముట్టాలో బిడ్డే తేల్చుకోవాలి.

తల్లిదండ్రులకు చూపించడానికి అమెరికాలోని పెర్రీ ప్రీస్కూల్ అధ్యయనం గురించి రాశావు. మిషిగన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో 1962లో మొదలైంది, 123 మంది పేద పిల్లలతో. వాళ్లలో 58 మందికి ప్రీస్కూల్ అందింది, మిగతావాళ్లకు లేదు. నలభై ఏళ్లు దాటాక కూడా వాళ్లను గమనించారు. తెలివితేటల పరీక్షల్లో వచ్చిన ఆధిక్యం కొద్ది సంవత్సరాలకే కరిగిపోయింది, కానీ చదువు పూర్తి చేయడంలో, సంపాదనలో, అరెస్టులు తక్కువగా ఉండటంలో తేడా నిలిచింది. ఆ ఫలితాలు చూపేవాళ్లలో చాలామంది ఆ ప్రీస్కూల్‌ను ఎలా నడిపారో చెప్పరు. టీచర్లు అర్హత ఉన్నవాళ్లు, ఒక్కొక్కరి దగ్గర అయిదారుగురు పిల్లలే, వారం వారం టీచరు ఇంటికి వెళ్లి గంటన్నర తల్లితో కూర్చునేది. నువ్వు ఒక టీచరుకు ఇరవై మందిని ఇచ్చి ఆ ఫలితాలు ప్రకటించడం సబబు కాదు. ఆ పేరా తీసెయ్.

నాలుగేళ్లు దాటిన వాళ్ల గది నువ్వు బాగానే రాశావు, ఒక్కటి తప్ప. నాలుగు గీతల పుస్తకం తీసెయ్. బంకమట్టి పిసకడం, కత్తెర పట్టడం, బొత్తాలు పెట్టుకోవడం చేతి వేళ్లకు ముందు రావాలి. అక్షరాలు అడిగిన బిడ్డకు చెప్పు, అడగని బిడ్డకు రోజూ రెండు కథలు చదివి వినిపించు. ఫిన్లండ్‌లో అసలు బడి ఏడో ఏట మొదలవుతుంది, అక్కడి పిల్లలకు చదవడం రాకుండా పోలేదు. తల్లిదండ్రులు పోట్లాడతారు. పోట్లాడనీ. బిడ్డ చెప్పిన కథను టీచరు రాసి ఇంటికి పంపితే సగంమంది చల్లబడతారు.

గది మార్పు పుట్టినరోజు నాడు జరగకూడదు. పై గదికి రెండు మూడు వారాలు రోజూ కాసేపు వెళ్లి రానివ్వు, వీలైతే ఇద్దరు ముగ్గురిని కలిపి పంపు, పాత మనిషి వెంట వెళ్లాలి. పై గదిలో ఖాళీ వచ్చిందని సిద్ధంగా లేని బిడ్డను ఎక్కించడం మన వృత్తిలో రోజూ జరిగే అన్యాయం.

చివరగా సాయంత్రపు గంట. పిల్లలు తగ్గేకొద్దీ అందరినీ ఒక గదిలోకి చేరుస్తావు కదా, అప్పుడు పెద్ద పిల్లల చిన్న ముక్కల బొమ్మలు లోపలికి రాకూడదు. తీసుకెళ్లడానికి ఎవరెవరు వస్తారో తల్లిదండ్రులు రాసిచ్చిన జాబితా తలుపు దగ్గర కాకుండా లోపల ఉండాలి. జాబితాలో లేని మనిషి, ఎంత దగ్గరివాడైనా, ఫోనులో తల్లితో మాట్లాడేదాకా బయటే నిలబడతాడు. ఆలస్యమైన బిడ్డ దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. ఆ రెండో మనిషి జీతం కూడా ఇప్పుడే లెక్కలో వేసుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ