రాజాం ఇంటికి నేల కింద వేడి గొట్టాలు కావాలా?

నాన్నగారికి తెల్లారేసరికి మోకాళ్లు పట్టేస్తున్నాయి, కొత్త ఇంట్లో నేల కింద వేడినీళ్ల గొట్టాలు వేయించనా అని అడిగారు కదా తమ్ముడూ. వద్దు. అది మంచు పడే దేశాల ఏర్పాటు: అడుగున వేడి కిందికి పోకుండా ఆపే ఇన్సులేషన్ పొర, పైన గొట్టాలు, వాటిని కప్పుతూ 65–75 మిల్లీమీటర్ల గచ్చు, అందులో నెలల తరబడి గోరువెచ్చటి నీళ్లు తిరగాలి. రాజాంలో చలెంత, సంక్రాంతి దాకానే కదా!

ముందు చెమ్మ సంగతి చూడండి. పీసీసీ, అంటే నేల అడుగున వేసిన కాంక్రీటు మీద మూరెడు పాలిథిన్ ముక్క పరిచి అంచులన్నీ టేపుతో అంటించండి. మర్నాడు అడుగున నీటిబొట్లు కనిపిస్తే తడి కింద నుంచే వస్తోంది. అప్పుడు గదంతా మందపాటి పాలిథిన్ పరిచి, అంచులు గోడ వైపు పైకి మడిచి, దానిమీద 50 మిల్లీమీటర్లకి తగ్గకుండా 1:4 సిమెంటు, ఇసుక గచ్చు వేయించండి. మాలు పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. నాగావళి ఇసుకే అయినా సీసాలో నీళ్లు పోసి కుదిపి, పైన మట్టి ఎంత పేరుకుందో చూసుకోండి.

వారం రోజులు తడి గోనెలు కప్పాలి. ఆ తర్వాత మిల్లీమీటరుకి ఒక రోజు లెక్కన ఆరనివ్వాలి, వానల్లో ఇంకా ఎక్కువ. మేస్త్రీ తొందరపెట్టినా వినకండి. మేం ఇరవై రోజులకే వినైల్ షీటు అంటించాం, ఏడాది తిరక్కుండా బుడగల్లా లేచిపోయింది. బాగా ఆరాక నాన్నగారి గదికి మాత్రం టైల్సు బదులు వినైలే వేయండి, పాదానికి అంత చల్లగా తగలదు.