ఘానాలో కమర్షియల్ బ్యాంకులు అప్పెందుకివ్వవు? మరి అవి చేసే పనేంటి?

ప్రశ్న: "హైదరాబాద్ నుంచి ఘానా రాజధాని అక్రాకు సరుకు పంపే చిన్న కంపెనీ మాది. అక్కడే ఆఫీసు తెరిచి, స్థానిక బ్యాంకులో అప్పు తీసుకుని వ్యాపారం పెంచుదామని ఆలోచన. వీధికో బ్యాంకు కనిపిస్తోంది గానీ, 'అవి అప్పివ్వవు' అంటున్నారు అందరూ. నిజమేనా? ఇవ్వకపోతే అవి ఉన్నదెందుకు?"

జవాబు:

ఇస్తాయండీ. కాకపోతే వరసలో మీకంటే ముందు ఒక పెద్ద గిరాకీ నిలబడి ఉంటాడు. ఆయనే ఘానా ప్రభుత్వం. ఈ ఒక్క సంగతి అర్థమైతే అక్కడి బ్యాంకుల ప్రవర్తన సగం అర్థమైపోతుంది.

లెక్క చూడండి. 2024లో కేంద్ర బ్యాంకు, అంటే బ్యాంక్ ఆఫ్ ఘానా, ఒక నిబంధన పెట్టింది. డిపాజిట్లలో 55 శాతం కంటే ఎక్కువ అప్పులుగా ఇచ్చిన బ్యాంకు 15 శాతం నగదు నిల్వ కేంద్ర బ్యాంకులో ఉంచాలి. 40 నుంచి 55 మధ్య ఉంటే 20 శాతం. 40 కంటే తక్కువైతే 25 శాతం. ఆ నిల్వ మీద వడ్డీ రాదు. అప్పులు తక్కువిచ్చే బ్యాంకు చేతికి వంద సెడీల (సెడీ ఘానా కరెన్సీ) డిపాజిట్ వచ్చిందనుకోండి. 25 అలా కట్టిపడేస్తే మిగిలేది 75. ఆ ఏడాది చివర్లో 91 రోజుల ట్రెజరీ బిల్లు (ప్రభుత్వం కొద్ది నెలలకు తీసుకునే అప్పు పత్రం) మీద 28 శాతం దాకా వడ్డీ నడిచింది. 75ని బిల్లుల్లో పెడితే ఏడాదికి 21 సెడీలు. వసూలుకు తిరగక్కర్లేదు, తాకట్టు కాగితాలు చూడక్కర్లేదు, మూలధనం లెక్కల్లో దానికి రిస్కూ లేదు.

అదే 75ని చిన్న వ్యాపారులకు 36 శాతానికి ఇచ్చారనుకోండి. కాగితం మీద 27 సెడీలు. కానీ 2024లో అక్కడి బ్యాంకుల మొండి బకాయిలు మొత్తం అప్పుల్లో ఐదోవంతు దాటాయి. 75లో 15 మొండికేస్తే, మిగిలిన 60 మీద వచ్చేది 21.60. అంత శ్రమకూ ప్రతిఫలం అరవై పైసలు, పైగా 15 సెడీల అసలు గాల్లో. మీరు మేనేజరైతే ఏం చేస్తారు? అప్పులు పెంచితే నిల్వ 25 నుంచి 15కి దిగుతుంది కాబట్టి బ్యాంకులు ఆశపడతాయని కేంద్ర బ్యాంకు ఎత్తుగడ. కొంత పనిచేస్తుంది, అయితే బిల్లు వడ్డీ అంత ఎత్తున ఉన్నంతకాలం పూర్తిగా పనిచేయదు. 2025లో ఆ వడ్డీ సగానికంటే కిందికి పడింది. అప్పుడే బ్యాంకులు మళ్లీ వ్యాపారుల వైపు చూడటం మొదలుపెట్టాయి. అందుకే అక్కడ అప్పు గురించి ఆలోచించే ముందు ఆ వారం ట్రెజరీ బిల్లు రేటు చూడండి. వేలం ప్రతి శుక్రవారం, డబ్బు చేతులు మారేది సోమవారం. బ్యాంకు మీకు చెప్పే వడ్డీకి ఆధారం "ఘానా రిఫరెన్స్ రేటు". 2018 ఏప్రిల్ నుంచి ఉంది, నెలనెలా మారుతుంది. దానిమీద మీ రిస్కును బట్టి కొంత కలుపుతారు. బేరం ఆడాల్సింది ఆ కలిపే భాగం మీదే, రిఫరెన్స్ రేటు మీద కాదు.

బిల్లులంటే బ్యాంకులకు అంత మోజు ఎందుకంటే, దీర్ఘకాలిక బాండ్లలో చేతులు కాల్చుకున్నాయి కాబట్టి. 2022 డిసెంబరులో ప్రభుత్వం దేశీయ రుణ మార్పిడి ప్రకటించింది. పాత బాండ్లు తీసుకుని, తక్కువ వడ్డీకి ఎక్కువ కాలానికి కొత్తవి ఇచ్చింది. ఆ నెల ద్రవ్యోల్బణం 54.1 శాతం. బాండ్లు నింపుకున్న బ్యాంకుల్లో చాలావరకు ఆ ఏడాది పుస్తకాల్లో భారీ నష్టాలు రాసుకున్నాయి. ఆ మార్పిడిలోకి ట్రెజరీ బిల్లుల్ని లాగలేదు. ఇక బ్యాంకులు ఎటు పరిగెత్తాయో చెప్పనక్కర్లేదు.

అంతకుముందు జరిగిన ప్రక్షాళన కూడా తెలిసి ఉండాలి. 2017 ఆగస్టు 14న యూటీ బ్యాంకు, క్యాపిటల్ బ్యాంకుల లైసెన్సులు రద్దయ్యాయి. వాటి డిపాజిట్లు జీసీబీ బ్యాంకుకు వెళ్లాయి. 2018 ఆగస్టు 1న మరో ఐదింటిని కలిపి కన్సాలిడేటెడ్ బ్యాంక్ ఘానా పెట్టారు. 2019 జనవరికల్లా ఇంకో రెండు పోయాయి. ఉండాల్సిన కనీస మూలధనాన్ని 12 కోట్ల సెడీల నుంచి 40 కోట్లకు పెంచారు. చివరికి మిగిలినవి 23. మన బ్యాంక్ ఆఫ్ బరోడా కూడా ఆ కొత్త మూలధనం పెట్టకుండా ఘానా నుంచి తప్పుకుంది. కాబట్టి "మన బ్యాంకు అక్కడ ఉంది కదా" అన్న ధీమా పెట్టుకోకండి. ఇప్పుడున్న వాటిలో నైజీరియా బ్యాంకుల అనుబంధ బ్యాంకులు చాలా ఉన్నాయి. ఎకోబ్యాంక్ గ్రూపు కేంద్రం పక్క దేశం టోగోలోని లోమెలో ఉంది.

ఇక అవి చేసే పని. అప్పు కంటే పెద్ద పని డబ్బును ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చడం. అక్రాలోని మకోలా మార్కెట్లో బట్టలమ్మే ఆమె రోజూ బ్యాంకు గడప తొక్కదు. ఆమె దగ్గరికి సుసు కలెక్టరు వస్తాడు. రోజుకు 10 సెడీలు చొప్పున 31 రోజులు వసూలు చేసి, నెలాఖరున 300 ఇస్తాడు. ఒకరోజు సొమ్ము అతని కూలి. మన చీటీపాటలా పాడుకునేది ఉండదు. మన ఊళ్లలో డైలీ ఫైనాన్సు ముందు డబ్బిచ్చి రోజూ వసూలు చేస్తుంది కదా, దాన్ని తిరగేస్తే సుసు. ఇప్పుడు ఆ చోటును చాలావరకు ఫోన్లోనే డబ్బు దాచుకుని పంపుకునే మొబైల్ మనీ ఆక్రమించింది. అందరూ "మోమో" అంటారు. మొదలైంది 2009లో. 2018 మే నుంచి ఒక నెట్‌వర్కు నుంచి మరోదానికీ పంపుకోవచ్చు. దీనితో బ్యాంకులకు పని తప్పిందనుకుంటే పొరపాటు. మోమో వాలెట్లలో ఉన్న ప్రతి సెడీకి సరిపడా అసలు సెడీ కమర్షియల్ బ్యాంకుల్లోనే ఉండాలి. దానిమీద వచ్చే వడ్డీలో కనీసం 80 శాతం వాలెట్ వాడేవాళ్లకు పంచాలన్నది నిబంధన.

మోమో ఏజెంటు దగ్గర తలెత్తే చిక్కు ఒకటి ఉంది, సరుకు పంపిణీ చేసేవాళ్లు ఇది గమనించాలి. ఏజెంటు దగ్గర రెండు సంచులు ఉన్నట్టు ఊహించుకోండి. ఒకటి నగదు, ఒకటి ఫ్లోట్ అనే ఎలక్ట్రానిక్ నిల్వ. ఉదయం జనం డబ్బు వేస్తారు, ఫ్లోట్ తరిగిపోతుంది. సాయంత్రం తీసుకుంటారు, నగదు అయిపోతుంది. మళ్లీ సరిచేసుకోవాలంటే బ్యాంకుకు వెళ్లాలి, బ్యాంకు సాయంత్రానికల్లా మూసేస్తుంది. మీ డిస్ట్రిబ్యూటరు "రేపు పంపుతాను" అంటే ఎప్పుడూ సాకే అనుకోకండి. నిజంగానే ఏజెంటు దగ్గర ఫ్లోట్ అయిపోయి ఉండొచ్చు.

పల్లెల్లో డబ్బు నడకంతా కోకో చుట్టూ ఉంటుంది. 64 కిలోల బస్తా, 16 బస్తాలైతే దాదాపు ఒక టన్ను. 1982లో "అకువాఫో చెక్కు" ప్రవేశపెట్టారు. రైతుకు నగదు బదులు చెక్కు ఇచ్చేవారు, దాన్ని బ్యాంకులో మార్చుకోవాల్సి వచ్చేది. నగదులో గుమాస్తా చేతివాటం తగ్గింది గానీ, చెక్కు పట్టుకుని ఊరి నుంచి బ్యాంకుదాకా వెళ్లడం రైతుకు కొత్త తలనొప్పి అయింది. పల్లెల్లో ఉండే రూరల్ బ్యాంకులకు ఇక్కడే పని దొరికింది. వాటిలో మొదటిది 1976లో అగోనా న్యాక్రోమ్‌లో పెట్టారు. కొనుగోలు సీజన్ డబ్బు కోసం ప్రభుత్వ కోకో బోర్డు కోకోబాడ్ 1990ల మొదటి నుంచి ఏటా విదేశీ బ్యాంకుల దగ్గర డాలర్లలో అప్పు తెచ్చేది. ఆ డాలర్లు కేంద్ర బ్యాంకుకు, వాటికి మారుగా సెడీలు కొనుగోలు కంపెనీలకు. 2024-25 సీజన్‌లో ఆ అప్పు తీసుకోలేదు. మీకిది ఎందుకంటే, కోకో డాలర్లు దిగే నెలల్లో బ్యాంకులో డాలరు కాస్త తేలిగ్గా దొరుకుతుంది. ఆ ఊతం లేని ఏడాది దిగుమతిదారు వరసలో ఎక్కువసేపు నిలబడాలి.

ఇప్పుడు మీ విషయం. అన్నిటికంటే ముందు చూడాల్సింది పెట్టుబడి చట్టం. 2013 నాటి 865వ చట్టం ప్రకారం విదేశీయుల ట్రేడింగ్ కంపెనీకి కనీసం 10 లక్షల డాలర్ల పెట్టుబడి, 20 మంది నైపుణ్యమున్న ఘానా ఉద్యోగులు ఉండాలి. ట్రేడింగ్ కాని ఇతర వ్యాపారమైతే స్థానిక భాగస్వామితో 2 లక్షలు, మీరొక్కరే అయితే 5 లక్షలు. మార్కెట్లో దుకాణం, తోపుడు బండి, వీధుల్లో తిరిగి చేసే చిన్నచిన్న అమ్మకాలు ఘానా పౌరులకే. ఈ చట్టాన్ని మార్చే ప్రయత్నాలు జరిగాయి కాబట్టి డబ్బు కదిపేముందు తాజా నిబంధన చూసుకోండి. డబ్బు రూపంలో పెట్టే పెట్టుబడి తప్పనిసరిగా బ్యాంకు ద్వారానే రావాలి. అది వచ్చినట్టు ఆ బ్యాంకు తెలియజేస్తే, ధ్రువీకరించేది కేంద్ర బ్యాంకు. ఆ డబ్బును ఎవరో స్నేహితుడి ఖాతాలోకి పంపి, తర్వాత "ఇది మా మూలధనం" అంటే చెల్లదు. చాలామంది బోల్తా పడేది ఇక్కడే.

ఖాతాకు కంపెనీ రిజిస్ట్రేషన్ పత్రాలు, డైరెక్టర్ల తీర్మానం, పన్ను నంబరు, ఆఫీసు డిజిటల్ అడ్రసు (ఆ చోటును గుర్తించే కోడ్) అడుగుతారు. 2022 జూలై 1 నుంచి బ్యాంకులో గుర్తింపుకు ఘానా కార్డే చెల్లుతుంది. అక్కడ నివసించే విదేశీయులకు వేరే రకం కార్డు ఉంది, ముందు అది తీసుకోండి. డాలర్ ఖాతాలు రెండు రకాలు. విదేశాల నుంచి వచ్చిన డాలర్లకు ఒకటి, ఎఫ్‌ఈఏ అంటారు. స్థానికంగా చేతికొచ్చిన డాలర్ నోట్లకు రెండోది, ఎఫ్‌సీఏ. మీ పెట్టుబడి మొదటిదాంట్లో పడేలా చూసుకోండి. రెండోదాంట్లోంచి బయటికి పంపాలంటే ప్రశ్నలెక్కువ. ఇన్‌వాయిస్‌లో డాలర్ ధర వేసి స్థానికంగా అమ్మడం నేరం, అమ్మకం సెడీల్లోనే.

అప్పు అడిగేటప్పుడు అధికారి ముందు చూసేది మీ గోడౌన్ కాదు, ఖాతాలో ఆరు నెలల నుంచి ఏడాదిపాటు తిరిగిన డబ్బు. అమ్మకం డబ్బంతా మోమోలో ఉంచి, అప్పు బ్యాంకును అడిగితే కుదరదు. వారానికోసారైనా వాలెట్ నుంచి ఖాతాకు మార్చండి. ఇక తాకట్టు. అక్కడ భూమిలో ఎక్కువభాగం కుటుంబాల, తెగపెద్దల అధీనంలో ఉంటుంది. ఒకే స్థలాన్ని ఇద్దరికి అమ్మడం మామూలే. బ్యాంకు ల్యాండ్స్ కమిషన్‌లో సెర్చ్ చేయిస్తుంది, అదొక్కటే వారాలు లాగుతుంది. భూమి మీద ఆశ పెట్టుకోకుండా సరుకు, యంత్రాలు, రావలసిన బాకీలు చూపండి. 2020 నాటి 1052వ చట్టం కింద వాటినీ కొలేటరల్ రిజిస్ట్రీలో నమోదు చేసి తాకట్టు పెట్టొచ్చు. ప్రభుత్వ శాఖకు సరఫరా చేసే ఆర్డరు చూపి అప్పు తెద్దామనుకుంటే మాత్రం రెండుసార్లు ఆలోచించండి. ప్రభుత్వం కాంట్రాక్టర్లకు చెల్లింపులు ఆలస్యం చేయడం వల్ల మొండిబకాయి అయిన అప్పులు బ్యాంకుల్లో చాలా ఉన్నాయి. ఆ ఆర్డరు కాగితం చూడగానే అధికారి ముఖం మారిపోతుంది.

దిగుమతికి ఎల్‌సీ (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే సరైన పత్రాలు చూపితే అమ్మినవాడికి డబ్బిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) తెరిస్తే, కొత్త ఖాతాదారు దగ్గర నూటికి నూరు శాతం మార్జిన్ కట్టించుకోవచ్చు. అంటే పేరుకు ఎల్‌సీ, డబ్బంతా మీదే. హైదరాబాద్ వైపు నుంచి చూస్తే, ఘానా బ్యాంకు ఎల్‌సీకి బయటి పెద్ద బ్యాంకు కన్ఫర్మేషన్, అంటే దాని హామీ కూడా అడగండి, ఈసీజీసీ (మన ప్రభుత్వ ఎగుమతి బీమా సంస్థ) కవరు తీసుకోండి. ఎల్‌సీల్లో తిరస్కరణలకు కారణం ఎక్కువగా మోసం కాదు, అచ్చుతప్పు. కంపెనీ పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటే బ్యాంకు పట్టేస్తుంది. పత్రాలు చూడటానికి బ్యాంకుకు గరిష్ఠంగా ఐదు పనిదినాలు. షిప్‌మెంట్ తర్వాత 21 రోజుల్లోపు మీరు పత్రాలు సమర్పించాలి. తప్పు దిద్ది మళ్లీ పంపేలోపు తేమా రేవులో కంటైనరుకు డెమరేజీ (ఆలస్యానికి రుసుము) లెక్క పెరుగుతూనే ఉంటుంది. అక్రా గడియారం మనకంటే ఐదున్నర గంటలు వెనక. అక్కడ బ్యాంకు ఉదయం ఎనిమిదిన్నరకు తెరిస్తే మనకు మధ్యాహ్నం రెండు. శుక్రవారం మన సాయంత్రం పంపిన ఈమెయిల్‌కు జవాబు సోమవారమే అనుకుని తేదీలు వేసుకోండి.

మిగులు సెడీలు ఖాతాలో పడి ఉంటే మీరూ ట్రెజరీ బిల్లు కొనొచ్చు, మీ బ్యాంకులోనే. బిల్లు తగ్గింపు ధరకు అమ్ముతారు. ఉదాహరణకు 28 శాతం రేటున 91 రోజులకు 10,000 సెడీల బిల్లు సుమారు 9,346కి వస్తుంది. గడువు రోజున "రోలోవర్" అని రాసి ఉంటే అది తనంతట తాను మళ్లీ బిల్లు అయిపోతుంది, సరుకుకు డబ్బు కావాల్సిన వారమే అలా ఇరుక్కుంటుంది. ఫారంలో ఆ గడి చూసుకోండి, వద్దనుకుంటే టిక్ పెట్టకండి. డిపాజిట్ బీమా 2019 సెప్టెంబరు నుంచి ఉంది గానీ, బ్యాంకుల్లో ఒక్కో ఖాతాదారుకు 6,250 సెడీల వరకే. వ్యాపారం సొమ్ము అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది కాబట్టి రెండు బ్యాంకుల్లో ఖాతాలు తెరవండి. అప్పు అడగబోయే బ్యాంకులో మాత్రం డబ్బు ఎక్కువగా తిప్పండి.