ధవళేశ్వరంలో స్థలం: బయానా ఇచ్చేముందు

ప్రశ్న: ధవళేశ్వరం వైపు 150 గజాల స్థలం చూశాం. ఒకప్పటి వరిచేను, రోడ్డుకంటే పల్లం. మట్టి తోలుకుంటే చాలంటున్నాడు మధ్యవర్తి. కొనొచ్చా?
- ఒక పాఠకురాలు, రావులపాలెం

జవాబు: జోరువాన కురిసిన మర్నాడు వెళ్లి చూశాకే ఆలోచించండమ్మా. వేసవిలో ఏ చేనైనా ఒక్కలాగే ఉంటుంది. పక్కింటి ప్రహరీ చూడండి. అడుగున పాకుడు, దానిపైన మట్టిచార, ఆపైన పొక్కులు లేచిన సున్నం కనిపిస్తే అక్కడ నీరు నిలుస్తోందన్నమాట. ఆ చార ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదారి నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. స్థలం ఏటిగట్టు ఇవతలే కదా అని నిశ్చింతగా ఉండకండి. గోదారి పోటెత్తితే ఎదురునీరు రాకుండా మురుగు కాలువల తూములు దించేస్తారు. అప్పుడే వాన పడితే ఊళ్లో నీటికి దారుండదు, పల్లాల్లోకి చేరుతుంది. అందుకే "వరద వస్తుందా?" అని కాదు, "తూములు మూసినప్పుడు ఈ వీధిలో నీళ్లు ఎన్నాళ్లుంటాయి?" అని ఇరుగుపొరుగును అడగండి.

ఇక మట్టి. రోడ్డు నడిమి ఎత్తు నుంచి మేస్త్రీ చేత నీళ్ల గొట్టంతో మట్టం పట్టించండి. 150 గజాలంటే 1350 చదరపు అడుగులు. మూడడుగులు లేపాలంటే 4050 ఘనపుటడుగులు, అంటే వంద ఘనపుటడుగుల యూనిట్లు నలభై పైచిలుకు. అణిగేదానికి ఐదోవంతు కలిపితే సుమారు 49. ఆ ఖర్చు స్థలం ధరలో కలిపి బేరమాడండి. నల్లమట్టి వద్దే వద్దు, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. గ్రావెల్‌ను 9 అంగుళాల వరసలుగా పోసి, తడిపి, రోలరుతో తొక్కించాలి. ఒకేసారి కుమ్మరిస్తే మొదటి వానలకే కుంగి గచ్చు పగులుతుంది, మరుగుదొడ్డి గొట్టం వాటం తప్పుతుంది. పునాది మాత్రం పోసిన మట్టిమీద నిలబడకూడదు, అడుగున్న గట్టి నేలదాకా దిగాలి. అక్కడా నల్లరేగడే తగిలితే మట్టి పరీక్ష చేయించి, ఇంజనీరు చెప్పినట్టే పునాది వేయించండి.

కాగితాల్లో 1983 నుంచి ఈసీ (స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం), 22ఏ నిషేధిత జాబితా (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టిక), లేఅవుట్ అనుమతి చూసుకోండి. కాలువ గట్టు పక్క స్థలమైతే సర్వేయరుతో హద్దులు కొలిపించండి. గట్టు మీదికి జరిగిన ప్రహరీని చూపించి అదే హద్దు అంటే ఒప్పుకోకండి.