ప్రవచనం విన్న నెలలోనే ఉద్యోగం మానేయాలా?

ఉపవాస కూటానికి వచ్చిన ప్రసంగీకుడు మీ వారి తలపై చేయి ఉంచి, "దేవుడు నిన్ను సేవకు పిలుస్తున్నాడు, ఈ నెలలోనే ఉద్యోగం వదిలేయి" అన్నారని రాశారు. కొత్త సంవత్సరం ఆరాధనలో తీసిన వాగ్దాన కార్డులోనూ (బైబిలు వాక్యం రాసి ఉండే చీటీ), దేశాన్నీ బంధువులనూ విడిచి వెళ్లమని అబ్రాముకు దేవుడు చెప్పిన మాటే వచ్చిందట. ఇంటి లోను, ఇద్దరు పిల్లల ఫీజులు మీరు గుర్తుచేస్తే, అది అవిశ్వాసమని మీ వారు అంటున్నారు. తొమ్మిదేళ్ల పీఎఫ్ తీసి ఏడాది గడుపుదామంటున్నారు. నేను దేవునికి అడ్డుపడుతున్నానా అని అడిగారు.

లేదమ్మా. జ్ఞానం కొదువైతే దేవుణ్ణి అడగమని చెప్పిన యాకోబు 1:5లోనే, అడిగినవాళ్లను ఆయన గద్దించడనీ ఉంది. ఆయనే గద్దించనప్పుడు మీరు తప్పు చేసినట్టు కుంగిపోవద్దు.

అలాగని ప్రవచనాన్ని తోసిపుచ్చనూ వద్దు. నిర్లక్ష్యం చేయవద్దన్న మాట, పరీక్షించమన్న మాట 1 థెస్సలొనీకయుల 5:20, 21లో పక్కపక్కనే ఉన్నాయి. పరీక్షించాల్సింది ఎవరు? అంతియొకయ సంఘంలో సౌలు (తర్వాత పౌలుగా పిలిచింది ఈయన్నే) ఏడాదిపాటు బర్నబాతో కలిసి బోధించాడు. పిలుపు వచ్చినప్పుడు ఆ సంఘమే ఉపవాసముండి, చేతులుంచి ఇద్దరినీ సాగనంపింది. కూటం ముగించుకుని వెళ్లిపోయిన ప్రసంగీకుడికి మీ వారి ఓర్పు, నడవడి, బోధించే వరం తెలియవు. మీ పాస్టరుగారికి, సంఘ పెద్దలకు తెలుసు. ఇద్దరూ కలిసి వెళ్లి, "సేవకు తగిన వరం ఈయనలో మీకు కనబడుతోందా?" అని సూటిగా అడగండి.

కార్డు మీద నిర్ణయం నిలబెట్టవద్దు. ఆ వాక్యం సత్యమే, కానీ అది అబ్రాముకిచ్చిన ఆజ్ఞ. ముందే ఒకటి అనుకుని దానికి వాక్యం వెతుక్కోవడంలోనే చాలామంది పొరబడతారు.

పౌలు కొరింథులో డేరాలు కుడుతూనే ప్రతి విశ్రాంతిదినం సమాజమందిరంలో బోధించాడు. మీ వారూ ఆరు నెలలు ఉద్యోగంలో ఉంటూనే శని, ఆదివారాలు పరిచర్య చేయవచ్చు. ఆ ఆరు నెలలూ ఇంటి ఖర్చు, లోను వాయిదా, ఫీజులు, పెద్దవాళ్ల మందులు ఒకే పుస్తకంలో రాయండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్కచూసుకోడా అన్నది యేసుప్రభువే (లూకా 14:28).

పీఎఫ్ జోలికి మాత్రం ఇప్పుడే పోవద్దు. నెలనెలా పెన్షన్ రావాలంటే 10 ఏళ్ల సర్వీసుండాలి. పీఎఫ్‌తోపాటు జమయ్యే పెన్షన్ భాగం కూడా తీసేసుకుంటే ఈ తొమ్మిదేళ్లు లెక్కలోకి రావు. కంపెనీ ఆరోగ్య బీమా మామూలుగా ఉద్యోగంతోనే పోతుంది, ముందే సొంత పాలసీ చూసుకోండి.

మీరూ మీ మనసును పరీక్షించుకోండి. పెద్దలు అవునన్నా, లెక్క కుదిరినా మీలో భయం తగ్గకపోతే, ఆ భయాన్నే ప్రభువు ముందు పెట్టి "నీ చిత్తమైతే నన్నూ సిద్ధపరచు" అని అడగాల్సి ఉంటుంది. ఈ మాట మీ వారికీ చెప్పండి. మీరు పిలుపును కాదనడం లేదనీ, తొందరను మాత్రమే ఆపుతున్నారనీ ఆయనకు అర్థమవుతుంది. కూటం నుంచి వచ్చిన రాత్రి కాదు, సెలవు రోజు పొద్దున తీరిగ్గా మాట్లాడండి. రాజీనామా ఇప్పటికే ఇచ్చి ఉంటే, నోటీసు గడువు ముగిసేలోపు వెనక్కి తీసుకునే వీలుందేమో ఈ వారమే ఆఫీసులో కనుక్కోమనండి.